సైబీరియా నుంచి రాని పక్షులు

చలికాలం మొదలైతే చాలు, పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పదు: వేల మైళ్లు దాటి సైబీరియా పక్షులు విడిదికి వచ్చేశాయని. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు పక్కన ఉప్పలపాడు, కొల్లేరు అంచున ఆటపాక, తిరుపతి జిల్లా నేలపట్టు... ఊరు మారుతుంది తప్ప వాక్యం మారదు. ఆ వార్త పక్కన ఫొటోలో మాత్రం చాలాసార్లు గూడబాతో (పెలికాన్), పెయింటెడ్ స్టార్కో కనిపిస్తుంది. ఆ రెండూ సైబీరియా ముఖం చూసినవి కావు. మన గూడబాతు భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దాటి ఎక్కడా గూడు పెట్టదు. పెయింటెడ్ స్టార్క్ సంగతీ అంతే. పులికాట్‌కు పేరు తెచ్చిన ఫ్లెమింగోలు మన దేశంలో పెద్దఎత్తున పిల్లలను చేసేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అంటే మనం చుట్టాలనుకుని మురిసిపోతున్నవి చాలావరకు ఇంటివాళ్లే. ఈ పొరపాటును చిన్నదిగా కొట్టిపారేయడానికి లేదు. పక్షి పుట్టిల్లు ఎక్కడో తెలిస్తేనే దాని బాగోగులు ఎవరి పూచీయో తేలుతుంది.

ఇది తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గట్టు మీద నిలబడి పక్షి ముక్కున ఏముందో చూస్తే చాలు. ఉత్తరాది దేశాల నుంచి వచ్చే బాతు ఇక్కడ చలికాలమంతా తిని, ఒంట్లో కొవ్వు నింపుకుని, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లి అక్కడే గుడ్లు పెడుతుంది. మన చెరువులో దానికి పుల్లలతో పనిలేదు. గూడబాతు అలా కాదు, వచ్చిన కొద్దిరోజులకే పుల్లలు ఏరడం మొదలుపెడుతుంది. గుడ్లు పొదగడానికి సుమారు నెల, పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి మరో మూడు నాలుగు నెలలు పడుతుంది. నేలపట్టులో ఈ లెక్కంతా ఈశాన్య రుతుపవనాల మీద నడుస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకు చెరువు నిండి, చెట్ల మొదళ్లు నీట మునిగాకే కొమ్మల మీద గూళ్లు లేస్తాయి. చుట్టూ ఉన్న నీరే గుడ్లకు కాపలా, ఎందుకంటే పిల్లులు, నక్కలు అంత సులువుగా ఈదుకుంటూ పోలేవు. వాన ముఖం చాటేసిన ఏడాది గూళ్లూ పలచబడతాయి. సైబీరియాలో మంచు ఎంత కురిసిందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

చుట్టం రాకపోతే దారిలో ఏమైందోనని అనుకుంటాం. ఇంటివాడు రాకపోతే ఇంట్లో ఏం జరిగిందో చూడాలి. పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల భారీ స్థావరాన్ని గుర్తించి లోకానికి చెప్పారు. 1970ల నాటికి అది ఖాళీ అయిపోయింది. బర్మాలోని సిట్టాంగ్ నది ఒడ్డున 1877లో లక్షలాది పక్షులను చూశానని బ్రిటిష్ పక్షి పరిశీలకుడు ఇ.డబ్ల్యు. ఓట్స్ రాసిన స్థావరం కూడా ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి మిగల్లేదు. ఆ పక్షులు వేరే ఖండానికి వెళ్లి బతికాయనుకోవడానికి వేరే ఖండమే లేదు. గూడు పెట్టే పక్షికి కావలసినవి మూడు: చెట్టు, చెట్టు చుట్టూ నీరు, ఎగిరివెళ్లి తిరిగి రాగలిగినంత దూరంలో చేప. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉత్తర ప్రాంతంలో చెట్లను ఎడాపెడా కూల్చింది. అలాంటి నష్టం చలికాలం గడిపి వెళ్లే బాతుకు పెద్దగా పట్టదు. చింతచెట్టు కొమ్మ మీద పిల్లలను పెంచే కొంగకు అది ఇల్లు కూలడం. ఉప్పలపాడులో, ఆటపాకలో ఇనుప స్టాండ్లు నిలబెట్టి గూళ్లకు చోటిచ్చారంటే, అక్కడ కరువైంది చెట్టేనని ఒప్పుకున్నట్టే.

దీనికి గట్టి అభ్యంతరాలు లేకపోలేదు. సైబీరియా నుంచి ఏవీ రావా అంటే, తప్పకుండా వస్తాయి. పిన్‌టెయిల్ వంటి బాతులు రష్యా దాకా వెళ్తాయని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఇక్కడ కాళ్లకు తొడిగిన రింగులు అక్కడ దొరకడంతో రుజువైంది. (పట్టెతల బాతు మాత్రం ఎక్కువగా టిబెట్, మంగోలియా వాసి. దాన్నీ సైబీరియా ఖాతాలోనే వేసేస్తున్నాం.) గూడబాతులు కూడా పిల్లలు ఎగిరాక ఊరు విడిచి వెళ్తాయి కదా అన్నదీ నిజమే, కానీ అవి వెళ్లేది ఇతర చెరువులకు, కాలువలకు, మడుగులకు. అందుకే 458 హెక్టార్ల నేలపట్టు ఒక్కదాన్ని కంచె వేసి కాపాడితే సరిపోదు. ఇక మూడో మాట కాస్త బరువైనది. దూరం నుంచి వచ్చిన అతిథులన్న భావమే కదా వాటిని ఊళ్లలో కాపాడుతోంది, దాన్ని చెరిపేస్తే ఎలా అని. తేలినీలాపురంలో పక్షులు వస్తే పంటలు బాగుంటాయన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకంలో వాన ఉంది, చెరువు ఉంది. నిండిన నీటికీ గూటికీ ముడి ఉందన్న శాస్త్రానికి అది పత్రికల వాక్యం కన్నా దగ్గరగా ఉంది. సైబీరియాను తీసేసినా ఆ నమ్మకం చెక్కుచెదరదు.

చూసే తీరు కూడా మారాలి. ఫొటో కోసం గూళ్ల దగ్గరికి పడవ పోనిస్తే తల్లి లేస్తుంది, ఆ కాసేపట్లో కాకి గుడ్డెత్తుకుపోతుంది. తినడానికి వచ్చిన బాతు లేచి మరోచోట వాలినంత తేలిక కాదిది. తేలినీలాపురం పక్షులు మేతకు వెళ్లే నౌపడ చిత్తడి నేలలు, కొల్లేరు చుట్టూ ఉన్న నీళ్లు కూడా ఆ గూటి లెక్కలోకే వస్తాయి. చేపల చెరువుల రైతుకు గూడబాతు మీద కోపం ఉంటే అది అర్థం లేనిది కాదు, అది తినేది అతని పెట్టుబడిని. ఆ నష్టం సంగతి మాట్లాడకుండా పక్షి ప్రేమ గురించి అతనికి చెప్పడం న్యాయం కాదు. ఇది ఇక్కడి పక్షేనని ఒప్పుకుంటేనే ఆ బేరం మన మధ్య కూర్చుని తేల్చుకోగలం. వచ్చే చలికాలం వార్తలో ఎన్ని మైళ్లు ఎగిరి వచ్చాయన్నదానికి బదులు చెరువులో నీరెంత, గూళ్లెన్ని, ఎన్ని పిల్లలు ఎగిరాయి అని వేస్తే మంచిది. కిందటేడుతో పోల్చి చూపితే మరీ మంచిది.