బాంకాకులో మా క్రిస్మస్

థాయిలాండు గోడ క్యాలెండరులో డిసెంబరు 25 నల్ల అంకె. 5వ తేదీ ఎరుపే. అది కీర్తిశేషులైన భూమిబల్ మహారాజు జన్మదినం. 10వ తేదీ రాజ్యాంగ దినం, అదీ ఎరుపే. నెలాఖరున 31, ఆ మర్నాడు జనవరి 1 కూడా ఎరుపే. నడుమ మా పండుగ మాత్రం ఆఫీసుకు పొమ్మన్నట్లు నల్లగా నిలబడి వుంటుంది. నూటికి తొంభైమందికి పైగా బౌద్ధులున్న దేశం. క్రైస్తవులు నూటికి ఒక్కరో ఏమో. కనుక ఇందులో ఎవరినీ తప్పుపట్టేందుకు లేదు.

ఆ క్యాలెండరును నేను మా చెల్లెలి వంటింట్లో చూశాను. 2023 నవంబరులో మనవాళ్ళకు వీసా అక్కరలేదన్నారు. వెంటనే కాలేజీకి సెలవు పెట్టి డిసెంబరులో బయలుదేరాను. చెల్లెలు కాపురం అక్కడ పెట్టి ఆరేళ్ళయింది. మరిది ఇంజనీరు. అబ్బాయికి పదకొండేళ్ళు, అమ్మాయికి ఎనిమిది. బయలుదేరేటప్పుడు మా అమ్మ నాకు అప్పగించిన పని ఒక్కటే: "అక్కడ వాళ్ళు పండుగ చేసుకుంటున్నారో, వట్టి ఫోటోలే దిగుతున్నారో చూసి రా." అమ్మ తెనాలి దగ్గర పల్లెలో వుంటుంది. ఫోటోలను ఆమె నమ్మదు.

ఫోటోలకైతే బాంకాకులో కొదవలేదు. సెంట్రల్‌వరల్డ్ అనే పెద్ద అంగడి సముదాయం ముందు ఏటా ఆకాశమంత క్రిస్మస్ చెట్టు నిలబెడతారు. చెమటలు కారే ఎండలో దూది మంచు, ఉన్ని టోపీ పెట్టుకున్న తాత, దుకాణం దుకాణంలోనూ ఇంగ్లీషు పాటలు. జనం ముచ్చటపడి చూస్తారు, నవ్వుతారు, ఇళ్ళకు పోతారు. చర్చికి పోయేవారు వారిలో ఎందరుంటారు? డిసెంబరును థాయి భాషలో 'థన్‌వాఖోమ్' అంటారు. 'ధనుస్సు', 'ఆగమం' అనే మన మాటలే అవి! అంటే సాక్షాత్తు ధనుర్మాసం. తెలుగు పంతులమ్మను గదా, నోరు వూరుకోలేదు. ఈ సంగతి పిల్లదానికి చెబితే, "అయితే ముగ్గు వేద్దామా పెద్దమ్మా?" అన్నది. పదిహేడో అంతస్తులో వాకిలేదీ, ముగ్గేదీ?

పదిహేడో అంతస్తు తెచ్చిపెట్టిన చిక్కు అదొక్కటే కాదు. మా వూళ్ళో వెదురు బద్దలు వంచి, గాలిపటం కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, పొడుగాటి గడకు నక్షత్రం కట్టేవారు. నక్షత్రం లేచిందంటే పండుగ వచ్చినట్లే. మా చెల్లెలు వెళ్ళిన మొదటి ఏడు ఇంటినుంచి తీసుకుపోయిన కాగితపు నక్షత్రాన్ని బాల్కనీకి వేలాడగట్టింది. మర్నాడు మేనేజరుగారి వద్దనుంచి కబురు: బాల్కనీకి ఏమీ వేలాడగూడదు, నిబంధన. దాన్ని దింపించడానికి కాపలాదారును పంపారు. యాభై ఏళ్ళు దాటిన మనిషి. నక్షత్రాన్ని విప్పి, కాగితం చిరగకుండా మడిచి, రెండు చేతులతో అందించాడట. ఆపైన తన గుండెమీద చెయ్యి పెట్టుకొని, "థా రే, థా రే" అన్నాడట. మా చెల్లెలికి ఏమీ బోధపడలేదు.

థా రే అనేది ఒక వూరని తరువాత తెలిసింది. ఈశాన్య థాయిలాండులో సకొన్ నఖోన్ ప్రాంతంలో, నాంగ్ హాన్ అనే పెద్ద సరస్సు వొడ్డున వున్నది. (సకొన్ నఖోన్ అంటే మన 'సకల నగర'మే, ఇక ఈ గోల మానేస్తాను.) 1884లో వియత్నాం సంతతి క్రైస్తవ కుటుంబాలు ఒక మతగురువు వెంట సరస్సు దాటి వచ్చి అక్కడ వూరు కట్టుకున్నాయి. నేటికీ ఆ వూరివారిలో అత్యధికులు కతోలికులే. క్రిస్మస్ వచ్చిందంటే ఇంటింటికీ నక్షత్రం కడతారు. పెద్ద పెద్ద నక్షత్రాలను దీపాలతో అలంకరించి బండ్లమీద వూరేగిస్తారు. 'హే దావ్' అంటారు దాన్ని, నక్షత్రాల వూరేగింపు. ఆ వూరినుంచి పొట్టకూటికి బాంకాకు వచ్చినవాడు ఈయన. తన వూరికీ బాంకాకుకూ ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు. 25 నల్ల అంకె కనుక ఆనాటికి వూరు చేరలేడు. కొత్త సంవత్సరానికి సెలవు దొరికితే అదే పదివేలు. పరదేశులం మేమే అనుకున్నాం గాని, ఆయనా మా జట్టువాడే. పిల్లలు ఆయనను 'లుంగ్' అని పిలుస్తారు. అక్కడ అది పెదనాన్న వరస.

ఇక అరిసెలు. అమ్మ ప్రశ్నకు అసలైన పరీక్ష ఇదే. మొదటి రెండేళ్ళూ మా చెల్లెలు కొట్లో దొరికే బియ్యప్పిండితో వండింది. అది పొడిపిండి. అరిసెలు నూనెలో వేయగానే ఇసుకలాగా విడిపోయాయి. మూడో ఏడు బియ్యం నానబోసి, నీడన ఆరబెట్టి, మిక్సీలో ఆడించి, తడి ఆరకముందే జల్లించి పట్టింది. బెల్లం పహురాట్‌లో మనవాళ్ళ కొట్లలో దొరుకుతుంది. కాని ఆవిడ అది కొనదు. బాంకాకుకు దక్షిణంగా ఫెచబురి అనే వూరున్నది. అక్కడి తాటిబెల్లం ప్రసిద్ధి. మన తాటిచెట్టే, మన తాటిబెల్లమే. తడి ఎక్కువ గనుక పాకం ఒక పట్టాన ముదరదు. నేను వున్నరోజు నీళ్ళలో వేసి మూడుసార్లు చూశాం. నాలుగోసారికి వుండ కట్టింది. ఫోనులో అమ్మ, "ఇప్పుడు దించు, దించు!" అని కేకలు. అరిసెల చెక్కలు లేక రెండు గరిటెల మధ్య నొక్కాం. రంగు తగ్గిందిగాని రుచికి వంక పెట్టలేము. అమ్మకు చూపిస్తే, "కొంచెం మందం" అన్నది. అంతకు మించిన మెప్పు మేమెన్నడూ ఎరుగం.

24వ తేదీ ఆదివారం. పొద్దున మరిది మమ్మల్ని చావ్‌ఫ్రయా నది ఆవలివొడ్డున కుడి చీన్ పేటకు తీసుకుపోయాడు. 1767లో బర్మావారు అయోధ్యను (అక్కడివారు అయుత్తయ అంటారు) నేలమట్టం చేశాక, రెండేళ్ళకు తాక్‌సిన్ రాజు పోర్చుగీసు క్రైస్తవులకు అక్కడ స్థలమిచ్చాడు. ఇప్పుడున్న సాంతా క్రూజ్ చర్చి 1916 నాటిది. ఆ సందుల్లో నేటికీ కొన్ని ఇళ్ళవారు 'ఖనోమ్ ఫరంగ్' కాలుస్తున్నారు. ఫరంగ్ అంటే మన పరంగే! గుడ్లు, పంచదార, గోధుమపిండి, అంతే, వెన్న లేదు. పైన ఎండుద్రాక్ష, తీపిలో వూరిన బూడిదగుమ్మడి ముక్కలు. పైపెచ్చు కరకరలాడుతుంది, లోపల మెత్తన. రెండున్నర శతాబ్దాలుగా నిలిచిన వంటకం. ఇంట్లో పోర్చుగీసు ఎవరైనా మాట్లాడుతారా అని మరిదిచేత అడిగించాను. అమ్మే ఆమె నవ్వి తల అడ్డంగా వూపింది. మా చెల్లెలు పొట్లం పట్టుకొని దారంతా మాట్లాడలేదు.

ఎందుకో సాయంత్రం తెలిసింది. అబ్బాయి పాటకు సిద్ధమవుతున్నాడు. పురుషోత్తమ చౌదరిగారివంటి కవుల రచనలతో, ప్రతిదానికీ రాగతాళాలు వేసి అచ్చయిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' మా ఇళ్ళలో బైబిలు పక్కనే వుంటుంది. వాడి చేతిలో ఆ పుస్తకం లేదు, ఒక కాగితం వున్నది. తెలుగు కీర్తన, రాసింది థాయి లిపిలో! తల్లి చెబుతూ వుంటే వాడు రాసుకున్నాడు. ఆ భాషలో 'గ' లేదు, 'జ' లేదు. అంచేత గ అంతా ఖ, జ అంతా ఛ.

నాకు కోపం ఆగలేదు. "ఇరవై ఏళ్ళుగా పరాయిపిల్లలకు తెలుగు చెబుతున్నాను, నీ కొడుక్కి అక్షరాలు రావా?" అన్నాను.

"వారానికో గంట ఫోనులో నేర్పుతానని ఆరేళ్ళ క్రితం మాట ఇచ్చింది నువ్వే గదా అక్కా" అన్నది, స్టవ్ తుడుస్తూ.

నిజమే. నాలుగు వారాలు నేర్పాను. తరువాత పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఇంకేవో. నేనేం చెప్పను?

రాత్రి ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళి వచ్చేసరికి పన్నెండు దాటింది. మా వూళ్ళో అయితే ఆ వేళకు పాటల జట్టు పెట్రోమాక్స్ దీపంతో ఇంటింటికీ తిరిగేది. ఇక్కడ ఎవరి తలుపు తడతాం? కింద గేటు దగ్గర లుంగ్ గది ఒక్కటే మెలకువగా వున్నది. కిటికీలో చిన్న నక్షత్రం: వెదురు బద్దలు, ఎర్రకాగితం, లోపల టార్చిలైటు. అరిసెలిస్తే చేతులు జోడించి పుచ్చుకున్నాడు. పిల్లలు పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర అమ్మాయి తడబడింది. అబ్బాయి కాగితం లైటు దగ్గరకు వంచాడు. లుంగ్ కూడా వంగి చూశాడు.

తన లిపి! ముందు పెదవులు కదిపాడు, తరువాత గొంతు కలిపాడు. అర్థం ఒక్క ముక్క తెలియదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి మా అబ్బాయికంటె గట్టిగా పాడుతున్నాడు. గ అంతా ఖ, జ అంతా ఛ. మా చెల్లెలు నావంక చూడలేదు, నేనూ చూడలేదు.

పాట అయ్యాక ఆయన కాగితం తిరిగి ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. మర్నాడు సోమవారం. మరిది ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్ళాడు. నేను అబ్బాయిని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పలక లేకపోతే, వాడి లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో 'గ' రాయించాను.