ముందు బ్రేకు అంటే భయమెందుకు?

ఇప్పుడు మన ఊళ్లల్లో మోటారు సైకిల్ లేని వాడ లేదు. పొలానికి పోవాలంటే బండి. పాలకేంద్రానికి బండి. అంగడికి, ఆసుపత్రికి, పెండ్లికి కూడా బండే. బండి నడపడం తొందరగానే వస్తుంది. అన్ననో, బామ్మర్దినో వెనుక కూర్చోబెట్టుకొని నాలుగు రోజులు తిప్పితే చాలు. కాని బండిని ఆపడం ఎవరు నేర్పుతున్నారు? మెల్లగా ఆపడం కాదు. గొర్రె అడ్డం వచ్చినప్పుడు, చిన్నపిల్ల ఉరికి వచ్చినప్పుడు ఉన్నచోటనే ఆపడం. దీన్నే సడన్ బ్రేకు అంటాం.

మన రోడ్లు

నల్లగొండ వైపు నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పాలమూరు వైపు జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలుకు 44వ నంబరు రహదారి పోతుంది. లారీలు, బస్సులు రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటాయి. మన ఊరి బాటలు వచ్చి ఈ పెద్ద రోడ్లకే కలుస్తాయి. ఇక ఊరి రోడ్ల మీద గొర్రెల మందలు, బర్రెలు, మొరం, వడ్లు. సడన్ బ్రేకు అవసరం ఎక్కడైనా పడవచ్చు.

సగం నిజం

"ముందు బ్రేకు పట్టకు బిడ్డా, బోల్తా పడుతవు" అని పెద్దలు చెప్తుంటారు. ఈ భయంతో చాలామంది కాలి బ్రేకు ఒక్కటే తొక్కుతారు. పెద్దల మాటలో సగం నిజం ఉన్నది. ముందు బ్రేకును ఒక్కసారే గట్టిగా గుంజితే పడిపోతాం. కాని అసలే పట్టకపోతే బండి ఆగవలసిన చోట ఆగదు.

ఎందుకు? బస్సులో నిలబడి పోతున్నాం అనుకోండి. డ్రైవరు బ్రేకు వేస్తే అందరం ముందుకు తూలుతాం. బండి మీద కూడా అంతే. బ్రేకు పడగానే బరువు ముందుకు పోతుంది. ముందు చక్రం రోడ్డును గట్టిగా అదుముతుంది. వెనుక చక్రం తేలిక అవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు తక్కువ. దాన్ని ఎంత తొక్కినా జారుతుందే కాని ఆగదు. బండిని ఆపే బలం ఎక్కువ భాగం ముందు చక్రం దగ్గరనే ఉన్నది.

లెక్క చూడండి

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో 10 మీటర్లు పోతుంది. కన్ను చూసి, చేయి బ్రేకు మీద పడేసరికి సుమారు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 10 మీటర్లు పోయినట్టు. తర్వాత మంచి తారు రోడ్డు మీద, రెండు బ్రేకులు బాగా పడితే ఇంకో 10 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 20 మీటర్లు. పెద్ద అంగలు వేస్తే 20 అంగలు.

అదే 72 కిలోమీటర్ల వేగం అయితే? చూసేలోగా 20 మీటర్లు. బ్రేకు పడ్డాక 40 మీటర్లు. మొత్తం 60 మీటర్లు! వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలు అవుతుంది. వెనుక బ్రేకు ఒక్కటే వేస్తే ఇంకా ఎంతో దూరం పోతుంది. ఇద్దరు ముగ్గురు ఎక్కినా, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు వేసినా బండిని ఆపడం కష్టమవుతుంది.

సడన్ బ్రేకు ఎట్లా వేయాలి?

1. ముందు రేసు వదలాలి.

2. బండిని నిటారుగా, హ్యాండిల్‌ను నేరుగా ఉంచాలి.

3. రెండు బ్రేకులు కలిపి వేయాలి. మోటారు సైకిల్‌కు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, కుడికాలు బ్రేకు వెనుక చక్రానిది. స్కూటరుకు కుడిచేతిది ముందుది, ఎడమచేతిది వెనుకది.

4. ముందు బ్రేకును గుంజవద్దు, పిండాలి. బర్రె పాలు పిండినట్టు. మెల్లగా మొదలుపెట్టి బలం పెంచాలి. ఇదంతా ఒక్క క్షణంలోనే జరగాలి.

5. ముందు చక్రం బిగుసుకొని జారితే వెంటనే బ్రేకు కొంచెం సడలించి, మళ్లీ పిండాలి.

6. చూపు దూరంగా, ముందుకు ఉండాలి. కిందికి చూస్తే బండి అదుపు తప్పుతుంది.

7. బండి ఆగబోయే ముందు క్లచ్ పట్టాలి.

ఎక్కడ జాగ్రత్త?

మలుపులో బండి ఒరిగి ఉంటుంది. అప్పుడు గట్టి బ్రేకు వేస్తే జారుతుంది. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించాలి.

ఇసుక, కంకర, తడి మట్టి మీద టైరుకు పట్టు ఉండదు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ బండి రోడ్డు మీది ఇసుకకు జారి పడింది. ఆయన నెల రోజులకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. తలకు హెల్మెట్ ఉన్నది కాబట్టి ప్రాణం దక్కింది.

వడ్లు కూడా ఇసుక వంటివే. కోతల కాలంలో రైతులు కల్లం లేక రోడ్డు మీదనే ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి నల్లటి పట్టా కప్పుతారు. చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనబడదు. వడ్లు దూరంగా కనబడగానే వేగం తగ్గించాలి. వాటి మీదికి ఎక్కిన తర్వాత గట్టి బ్రేకు వేయవద్దు.

కొత్త బండ్లు

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. ఇది చక్రం బిగుసుకోకుండా కాపాడుతుంది. అది పనిచేసేటప్పుడు బ్రేకు దడదడ కొట్టుకుంటుంది. భయపడి వదలవద్దు. పట్టే ఉంచాలి. చిన్న బండ్లకు సి.బి.ఎస్. పెట్టారు. ఇందులో ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పడుతుంది. అయినా రెండూ వేయడమే మంచిది. పాత బండ్లకు ఇవేవీ లేవు. వాటికి మన చేయే ఎ.బి.ఎస్.

అలవాటు చేసుకోవాలి

ఆపద వచ్చినప్పుడు ఆలోచించే టైము ఉండదు. అలవాటైన పనే చేయి చేస్తుంది. కాబట్టి ముందే నేర్చుకోవాలి. ఎవరూ లేని, పొడిగా ఉన్న నేరు రోడ్డు చూసుకోండి. హెల్మెట్ పెట్టుకొని, పట్టీ బిగించుకోండి. సుద్దతో గీత గీయండి. 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేకు వేయండి. ఎన్ని అంగల్లో ఆగిందో కొలవండి. ముందు కాలి బ్రేకు ఒక్కటే వేసి, తర్వాత రెండూ కలిపి వేసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. చేయి కుదిరిన తర్వాతనే వేగం కొంచెం పెంచండి.

టైర్లు అరిగిపోతే బ్రేకు బాగున్నా లాభం లేదు. గాలి సరిగా ఉండాలి. వాగు నీళ్లలో నుంచి వస్తే బ్రేకులు తడిసి సరిగా పట్టవు. మెల్లగా పోతూ రెండు మూడుసార్లు అదిమి ఆరనివ్వాలి.

అన్నిటికన్నా మంచి బ్రేకు తక్కువ వేగం. ముందున్న లారీకి దూరం పాటించడం.

చర్చించండి

1. మీ ఇంటి బండికి ముందు బ్రేకు పనిచేస్తున్నదా? చివరిసారి ఎప్పుడు చూపించారు?

2. మీ ఊరి బాట పెద్ద రోడ్డుకు కలిసే చోట వచ్చే బండ్లు కనబడతాయా? కంపచెట్లు అడ్డం ఉన్నాయా? వాటిని ఎవరు కొట్టివేయాలి?

3. వడ్లు రోడ్డు మీద పోయకుండా మీ ఊరిలో వేరే జాగ ఏదైనా ఉన్నదా?