ఆవులింతకు అన్న ఉన్నడు, జర ఆయన మాటినుండ్రి

ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు లెక్కల క్లాసుల నాకు ఆవులింత వచ్చింది. ఆపుకుందామని పండ్లు బిగబట్టిన. ఆగలే. సారు చూసిండు. "ఏందిరా, నా పాఠం అంత సప్పగున్నదా?" అని బెంచి మీద నిలవెట్టిండు. క్లాసంత నవ్వింది. రాత్రి 11 గంటలకు కరెంటొస్తే నాయినతోని బాయికాడికి పోయి మోటరు పెట్టి, మడులకు నీళ్లు మలుపుకుంట తెల్లారేదాక ఉన్న సంగతి సారుకు తెల్వదు. నేను చెప్పలే. చెప్తే సాకులు చెప్తున్నవంటడని భయం.

ఇయ్యాల్టికీ ఆవులించినోన్ని చూస్తే మనోళ్లు రెండే మాటలంటరు. ఒకటి సోమరిపోతు, రెండోది మర్యాద తెల్వనోడు. మా నాయినమ్మ అయితే ఎవలు ఆవులించినా నోటి ముంగట చిటికెలెయ్యమంటుండె. ఎందుకే అని అడిగితే "మా పెద్దలేసిన్రు, మేమేస్తున్నం" అనేది. తిట్టుడున్నది, చిటికెలేసుడున్నది గని, అసలు గది ఎందుకొస్తదని అడిగినోళ్లు తక్కువ. బాగ తెలివిగల్లోన్ని "ఆవులిస్తే పేగులు లెక్కవెడ్తడు" అంటం కద. నాకంత తెలివి లేదు గని, ఆ బెంచి మీద నిలవడ్డ కోపానికి దొరికినంత చదివిన. నాకు సమజైనకాడికి ఆవులింత అంటే మన పానం మనకు పంపే కబురు. కబురు తెచ్చినోన్ని తిట్టి పంపిస్తే, కబురుల ఉన్న కష్టం మనకాన్నే ఉంటది.

మొదలు ఆవులింతల ఏమైతదో చూద్దాం. నోరు పెద్దగ తెరుసుకుంటది, దవడ మొత్తం సాగుతది, గాలి లోతుగ లోపలికి పోతది, ఒక్క క్షణం ఆగి మెల్లగ బయటికొస్తది. మనిషికి ఇదంత 5, 6 సెకండ్ల పని. మొకం కండలు బిగుసుకొని కన్నీటి తిత్తులను ఒత్తుతయి కాబట్టి కండ్లల్ల నీళ్లొస్తయి. గొంతుకు, చెవికి నడుమ ఒక సన్నటి గొట్టం ఉంటది. ఆవులించినప్పుడు అది తెరుసుకొని చెవి టప్పుమంటది. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు దిబ్బడేసిన చెవులు ఒక్క ఆవులింతతోని తేలికయ్యేది అందుకే. ఒక్కసారి మొదలైనంక నడుమ ఆపుడు కష్టం. పండ్లు బిగబట్టి ఆవులించి చూడుండ్రి, వచ్చినట్టే ఉంటది గని తృప్తి ఉండదు.

ఇగ ఎందుకొస్తదంటే, "రక్తంల ఆక్సిజన్ తక్కువైతే ఆవులింత వస్తది" అని మనల చాలమంది చదువుకున్నరు. నేను గూడ గదే నమ్మిన. 1987ల అమెరికాల రాబర్ట్ ప్రొవైన్ అనే ఆయన, ఆయన తోటోళ్లు దీన్ని పరీక్ష పెట్టి చూసిన్రు. కాలేజి పిల్లలకు ఒకపారి ఉత్త ఆక్సిజన్ పీల్పిచ్చిన్రు. ఇంకోపారి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిపిన గాలి పీల్పిచ్చిన్రు. ఆక్సిజన్ మాట నిజమైతే మొదటిదాంట్ల ఆవులింతలు తగ్గాలె, రెండోదాంట్ల పెరగాలె. తగ్గలే, పెరగలే. కార్బన్ డయాక్సైడ్ తోని ఊపిరైతే జోరుగ కొట్టుకున్నది గని, ఆవులింతల లెక్క మారలే. ఇంకో సంగతి, తల్లి కడుపుల ఉన్న బిడ్డ గూడ ఆవులిస్తది, స్కానింగుల కనవడ్తది. ఆడ పీల్చెతందుకు గాలే లేదు కద.

తర్వాత వచ్చిన మాట మెదడు సల్లబడుడు. మన మెదడు బరువు పెయ్యిల నూటికి రెండు వంతులే గని, పెయ్యి ఖర్చు వెట్టే శక్తిల ఇంచుమించు ఐదో వంతు అదే తింటది. అంత పని చేసేది వేడెక్కుతది. ట్రాక్టరు ఇంజనుకు రేడియేటరు ఉన్నట్టు, లోతుగ పీల్చిన సల్లగాలి, దవడ సాగుడుతోని జోరుగ పారే రక్తం కలిసి మెదడు వేడిని కొంచెం తగ్గిస్తయని ఆండ్రూ గాలప్ అనే శాస్త్రవేత్త అంటడు. 2007ల ఆయన, ఆయన తోటి మనిషి కొందరికి ఆవులింతల వీడియో చూపిచ్చిన్రు. నొసటి మీద సల్లటి మూట పెట్టుకున్నోళ్లల్ల నూటికి 9 మందే ఆవులించిన్రు. వేడి మూట, మామూలు మూట పెట్టుకున్నోళ్లల్ల నూటికి 41 మంది ఆవులించిన్రు.

తర్వాత అరిజోనా ఎడారి ఊరు టూసాన్‌ల రోడ్డు మీద పోయేటోళ్లకు ఆవులింతల ఫోటోలు చూపిచ్చి లెక్క తీసిన్రు. సలికాలంల సగం మందికి దగ్గర దగ్గర ఆవులిస్తే, ఎండకాలంల నాలుగో వంతు మందే ఆవులించిన్రు. బయట గాలే పెయ్యంత వేడిగున్నప్పుడు దాన్ని పీల్చి మెదడుకు లాభమేముంటదనేది వాళ్ల మాట. అందరు శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోలే, కొట్లాట ఇంకా నడుస్తనే ఉన్నది.

అందరు ఒప్పుకునేది ఒకటున్నది. పెయ్యి ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మారేటప్పుడు ఆవులింత ఎక్కువొస్తది. నిద్రకు ముంగట, నిద్ర లేచినంక, పని లేక కూసున్నప్పుడు, పెద్ద పనికి తయారయ్యేటప్పుడు వస్తది. అమెరికా స్కేటింగ్ ఆటగాడు అపోలో ఓనో ఒలింపిక్స్ పరుగుకు ముంగట లైన్ల నిలవడి ఆవులిస్తుండె. ఆయన్ని సోమరిపోతని ఎవలంటరు?

జీవాలను చూసినా గంతే. కుక్క, పిల్లి, గుర్రం, కోతి, పక్షి, అన్ని ఆవులిస్తయి. 2021ల 101 రకాల జంతువుల, పక్షుల ఆవులింతలను కొలిచిన్రు. మెదడు ఎంత పెద్దగుంటే ఆవులింత అంత పొడుగని తేలింది. అట్లని నోరు తెరిసిన ప్రతిది నిద్ర ఆవులింత కాదు. బబూన్ కోతి పెద్ద పండ్లు చూపిచ్చేది బెదిరిచ్చెతందుకు. మన వాకిట్ల కుక్కను గట్టిగ గద్దిచ్చినప్పుడు అది ఆవులిస్తే, దానికి నిద్రొచ్చిందనుకోకుండ్రి, పరేషానైతున్నదని అర్థం.

అయితే ఒకలు ఆవులిస్తే పక్కోళ్లకెందుకొస్తది? మన పెద్దోళ్లు ఎప్పుడో అన్నరు, "ఆవులింతకు అన్న ఉన్నడు గని తుమ్ముకు తమ్ముడు లేడు" అని. తుమ్ము ఒంటరిది, ఆవులింత మాత్రం ఇంకోదాన్ని ఎంటవెట్టుకొనే వస్తది. నాలుగైదేండ్ల లోపు పిల్లలకు ఇది పెద్దగ అంటదు, తర్వాతనే అంటుడు మొదలైతది. 2008ల లండన్ల ఒక మనిషి 29 కుక్కల ముంగట ఆవులిస్తే 21 కుక్కలు ఆవులించినయి. ఉత్తగ నోరు తెరిసి మూసినప్పుడు ఒక్కటి గూడ ఆవులించలే. 2011ల ఇటలీ పరిశోధకులు మనుషులను గమనిచ్చి, ఇంటోళ్ల ఆవులింత అందరికంటే ఎక్కువ అంటుతదని, తర్వాత దోస్తులది, ఎరుకున్నోళ్లది, ఆఖరికి కొత్తోళ్లదని లెక్క తేల్చిన్రు. దక్షిణాఫ్రికా సింహాలల్ల ఒకదాని ఆవులింత ఇంకోదానికి అంటినంక, రెండు కలిసి లేసి కలిసి నడుసుడు ఎక్కువైందని ఇంకో పరిశోధన చెప్పింది. మందంత ఒక్కతీరుగ మేలుకునేతందుకు ఇది పనికొస్తదేమోనని కొందరి అనుమానం.

ఈ అన్న మాట వినుడు ఎంత అవసరమో నాకు ఒక రాత్రి తెలిసింది. మా దోస్తు డీసీఎం నడుపుతడు. మా దిక్కు నుంచి టమాట ఏసుకొని రాజీవ్ రహదారి మీద బోయినపల్లి మార్కెటుకు పోతుండె, నేను పక్కన కూసున్న. ప్రజ్ఞాపూర్ దాటినంక ఆయనకు ఆవులింత. జరసేపటికి ఇంకోటి. మూడోది నాకు గూడ అంటింది. "ఎప్పుడు లేసినవురా?" అని అడిగిన. "మబ్బుల నాలుగింటికి" అన్నడు. అప్పటికి రాత్రి ఒంటిగంటయింది. అంటే 21 గంటలు మేలుకొని ఉన్నడు. బండి ఆపుమంటే "మూడింటికి మార్కెట్ల ఉండాలె, లేకుంటే రేటు పోతది" అన్నడు. కొట్లాడి పెట్రోలు బంకుకాడ ఆపిచ్చిన. 20 నిమిషాలు పండుకున్నడు. కొంచెం ఆలస్యంగ పోయినం, ఇద్దరం సక్కగ ఇల్లు చేరినం.

1997ల ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక లెక్క చెప్పిన్రు. ఒకదిక్కున 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంల 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నోని పనితనమంతకు పడిపోతదట. మన దేశంల బండి నడిపేటోనికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. పొద్దుగాల 5 గంటలకు లేసినోడు రాత్రి 10 గంటలకు ఆ 17 గంటల కాడికొస్తడు. సుక్క ముట్టకున్నా తాగినోనితోని సమానమైతడు. పోలీసుల ఊదుడు మిషన్ల ఆ నిద్ర దొరకదు. దాన్ని పట్టిచ్చేది ఆవులింతే.

అందుకే బండి మీద వరుసగ ఆవులింతలొస్తే, రెప్పలు బరువైతే, దాటొచ్చిన ఊరు యాదికి రాకపోతే బండి పక్కకు పెట్టుండ్రి. పాటలు జోరుగ పెట్టుడు, కిటికీ తీసుడు కొద్దిసేపే పనిచేస్తయి. చాయ తాగినా అది పెయ్యికెక్కెతందుకు అరగంట దాక పడ్తది. చాయ తాగి 15, 20 నిమిషాలు కునుకు తీసుడు మంచిది. వెనక కూసున్నోళ్లు గూడ నోరు మూసుకొని కూసోవద్దు. దోస్తు ఆవులింత మీకంటిందంటే, అడిగే బాధ్యత గూడ మీకంటినట్టే. ఇంకోమాట, నిద్ర సరిపోయినా దినమంత ఆవులింతలు, తూగుడు ఉంటే డాక్టరుకు చూపిచ్చుకోవాలె. నిద్రల ఊపిరి ఆగే జబ్బుతోని, కొన్ని మందులతోని గూడ గిట్ల అయితది.

13 నుంచి 18 ఏండ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలె, పెద్దోళ్లకు కనీసం 7 గంటలు. రాత్రి 11 దాక చదివిపిచ్చి మబ్బుల 5 గంటలకు లేపే హాస్టల్లకు ఈ లెక్క రాదా? పగలు రాత్రి ఒక్కన్నే తోలే బండి ఓనర్లకు రాదా? గోదాంల నైటు డ్యూటీ చేసి, అటే బండేసుకొని ఊరికొచ్చే పోరలు ఎంతమంది లేరు? "ఇంకొక్క రీలు" అనుకుంట రెండు గొట్టిచ్చే మనం గూడ జర సోంచాయించుకోవాలె. గది మన తప్పే. గని మిగిలిన ఆవులింతలు బతుకుదెరువు అప్పు తెచ్చుకున్న నిద్రవి. ఆ అప్పును పండుకునే తీర్చాలె, ఇంకో తొవ్వ లేదు.

ఆ లెక్కల సారు చెడ్డోడు కాదు, పాఠం బాగనే చెప్తుండె. ఆ దినం నన్ను నిలవెట్టేముందు ఒక్క మాట అడిగితే అయిపోతుండె. గా మాటను మీరన్న అడుగుండ్రి. క్లాసుల గానీ, బండి మీద గానీ, కూలికాడ గానీ మీ పక్కన ఎవలన్న ఆవులిస్తే, నవ్వకముందు, తిట్టకముందు అడుగుండ్రి: "రాత్రి పండుకున్నవా?"