కోపం చల్లారేంత వ్యవధి

హత్య కేసులో శిక్ష పడి అప్పీలు పైకోర్టుకు వెళ్లగానే చాలామంది అడిగే మాట ఇది: ‘‘ముందే పథకం వేశాడని ఎవరు చూశారు? అది రుజువు కాకపోతే హత్య ఎలా అవుతుంది?’’

మన చట్టంలో హత్యానేరానికి ముందస్తు పథకం తప్పనిసరి కాదు. చంపాలన్న ఉద్దేశం అక్కడికక్కడే పుట్టినా హత్యే. పథకం సంగతి ఎక్కువగా ముందుకొచ్చేది నిందితుడు మినహాయింపు కోరినప్పుడు. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టడంతో నిగ్రహం కోల్పోయి చంపానని గానీ, అప్పటికప్పుడు రేగిన కొట్లాటలో జరిగిపోయిందని గానీ అతను అంటే, ఆ మినహాయింపును రుజువు చేసుకునే భారం అతనిదే. పాత ఐపీసీ 300వ సెక్షన్‌లోని ఈ సూత్రాలు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 101లో ఉన్నాయి.

ఇక మనసులో మాట ఎలా తెలుస్తుందంటారా? నానావతి కేసు చూడండి. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతికి, ప్రేమ్ ఆహుజాతో తనకున్న సంబంధాన్ని భార్య చెప్పేసింది. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో అతను ఇల్లు కదిలాడు. భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దించాడు. ఓడకు వెళ్లి, రాత్రి ఒంటరిగా అహ్మద్‌నగర్‌కు కారులో వెళ్లాలని అబద్ధమాడి, రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. ఆహుజా కోసం అతని ఆఫీసుకెళ్లాడు. అక్కడ లేడని తెలిసి ఫ్లాటుకు వెళ్లాడు. ఆహుజాను కాల్చి చంపేసరికి సమయం 4 గంటల 20 నిమిషాలు.

పాలు పొంగినప్పుడు పక్కనున్నవాడి చెయ్యి కాలితే తొందరపాటనుకుంటాం. పొయ్యి ఆర్పి, ఊళ్లో పనులు చూసుకొని, మూడు గంటల తర్వాత వచ్చి, చల్లారిన పాలను మళ్లీ కాచి ఒకరి మీద పోస్తే? పొంగు అప్పుడెప్పుడో వచ్చిందన్న సాకు చెల్లదు. మళ్లీ కాచింది ఎవరన్నదే ప్రశ్న.

జ్యూరీ 8–1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపాడు. జ్యూరీకి చట్టాన్ని తప్పుగా వివరించారని తేల్చిన హైకోర్టు, సాక్ష్యాన్ని తానే పరిశీలించి యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. రెచ్చగొట్టిన ఆవేశంలోనే దెబ్బ పడి ఉండాలి, ఆలోచనకూ లెక్కలకూ చోటిచ్చేంత వ్యవధి దొరికితే మినహాయింపు వర్తించదు అన్నది ఆయన చెప్పిన సూత్రం. ఆ మూడు గంటల్లో నానావతి నిగ్రహం తెచ్చుకున్నాడని ఆయన తేల్చారు. భార్యాపిల్లల భవిష్యత్తు గురించి అతను ఆలోచించడం కూడా అందుకు గుర్తుగా కనిపించింది.

మొహం చూస్తేనే హంతకుణ్ణి పోల్చుకోవచ్చని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నానావతి మొహం చూసి, యూనిఫాం చూసి ఊరంతా జాలిపడింది. మొహం సాక్ష్యం కాదు. ఆయుధం ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని తెచ్చుకోవడానికి ఏం చెప్పాడు, మధ్యలో ఎంత సమయం గడిచింది, ఆ సమయంలో ఏం చేశాడు, ఇవీ సాక్ష్యాలు. అప్పీలు వార్త చదివినప్పుడు ఈ నాలుగూ వెతకండి. తీర్పు ఎందుకలా వచ్చిందో చాలావరకు వాటిలోనే దొరుకుతుంది.