మీననేత్ర కటకం

మన కావ్యాలలో చేపకూ కంటికీ చుట్టరికం చాలా పాతది. మీనాక్షి అన్నా, మీనలోచన అన్నా కవి గమనించింది కంటి ఆకృతిని, దాని చాంచల్యాన్ని. ఆ చేప తన కంటితో లోకాన్ని ఏ విధంగా చూస్తుందన్న విచారణ కవికి అవసరపడలేదు. ఆ విచారణ చేసినవారు ఒక భౌతికశాస్త్రవేత్త. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1906లో ప్రచురించిన వ్యాసంలో ‘చేపకన్ను దృశ్యం’ అనే మాటను ప్రయోగించారు. నీరు నింపిన పాత్రలో ఛాయాచిత్ర ఫలకాన్ని అమర్చి, దానికి ఎదురుగా సన్నని రంధ్రం ఉంచి, నీటిలోని ప్రాణికి పైలోకం ఎలా కనిపిస్తుందో చిత్రించి చూపారు.

గాలి నుండి నీటిలోనికి ప్రవేశించే కాంతికిరణం లంబం వైపునకు వంగుతుంది. దిగంతం నుండి నీటి ఉపరితలాన్ని ఒరుసుకొంటూ వచ్చే కిరణం సైతం లంబంతో సుమారు 48.6 డిగ్రీల కోణంలోనే లోనికి చేరుతుంది. కనుక ఇరువైపుల దిగంతాల నడుమనున్న 180 డిగ్రీల ఆకాశమంతా చేపకు సుమారు 97 డిగ్రీల శంకువులో, ఒక గుండ్రని గవాక్షంలో ఇమిడిపోతుంది.

వుడ్ చేసినది ప్రయోగం మాత్రమే. నీటితో పనిలేకుండా గాజుతోనే ఆ దృష్టిని సాధించినవారు కేంబ్రిడ్జికి చెందిన రాబిన్ హిల్. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ పేరు కొత్తది కాదు. కిరణజన్య సంయోగక్రియ పాఠంలోని ‘హిల్ చర్య’ ఈయన పేరిటనే వెలసింది. మేఘాలను నమోదు చేయడానికి ఆకాశాన్నంతటినీ ఒకే చిత్రంలో బంధించగల కటకాన్ని రూపొందించి, 1924లో ఆయన దానిని వివరించారు. వినోదం కోసమో వింత కోసమో కాక కొలత కోసం ఈ కటకం పుట్టిందన్న సంగతి గుర్తుంచుకోదగినది. ఎందుకంటే, ఇది దృశ్యాన్ని వికృతం చేస్తుందన్న అపవాదు దీనికి మొదటి నుండీ ఉంది.

ఆ అపవాదు ఎంతవరకు న్యాయం? బత్తాయి తొక్కను చిరగకుండా, సాగకుండా బల్లమీద సమతలంగా పరచడం ఎవరి తరమూ కాదు. మన చుట్టూ ఉన్న దృశ్యం గోళం వంటిది; ఫిల్ము సమతలం. గోళాన్ని సమతలం మీదికి దించేటప్పుడు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. సాధారణ కటకం సరళరేఖలను సరళరేఖలుగా నిలుపుతుంది. అందుకు అది చెల్లించే మూల్యం అంచులలో కనిపిస్తుంది. పెళ్ళి ఫొటోలలో వరుస చివర నిలిచిన బంధువులు ఉన్నదానికంటె లావుగా కనిపించడం మనం చూస్తూనే ఉంటాం. ఆ ఫొటోను ఎవరూ అబద్ధమనరు! దృశ్యకోణం పెరిగేకొద్దీ ఈ సాగుదల పెరుగుతుంది. అక్షం నుండి 90 డిగ్రీల వద్ద ‘టాన్’ విలువ అనంతమవుతుంది గనుక, సరళరేఖలను కాపాడే ఏ కటకమూ 180 డిగ్రీలను చూపజాలదు. మీననేత్ర కటకం సరళరేఖలను వదులుకొని కోణాలను కాపాడుతుంది. కేంద్రం గుండా పోయే రేఖలు మాత్రం తిన్నగా ఉంటాయి. తక్కినవి విల్లులా వంగుతాయి. తలుపుకు అమర్చిన చూపురంధ్రంలో వరండా స్తంభాలు వంగి కనిపించడం ఇటువంటిదే.

ఫిల్ము కెమెరాల కాలంలో ఈ కటకాలకు జపాను ప్రసిద్ధి. నిప్పాన్ కొగాకు సంస్థ 1962లో నికాన్ ఎఫ్ కెమెరా కోసం 8 మిల్లీమీటర్ల నాభ్యంతరంగల ఫిషై నిక్కార్‌ను విడుదల చేసింది. దాని వెనుకభాగం కెమెరా లోపలికి చొచ్చుకొనిపోయేది. అందువల్ల లోపలి అద్దాన్ని ముందుగా పైకెత్తి బిగించవలసి వచ్చేది. అద్దం ఎత్తితే కెమెరాలో నుండి ఏమీ కనబడదు గనుక, చూడడానికి వేరొక దర్శిని తగిలించేవారు. 36×24 మి.మీ. ఫిల్ము మీద దాదాపు 24 మి.మీ. వ్యాసంగల గుండ్రని చిత్రం ఏర్పడేది. తరువాత వచ్చిన 16 మి.మీ. కటకాలు ఫిల్మునంతటినీ నింపుతాయి. అయితే వాటికి 180 డిగ్రీలు లభించేది మూల నుండి మూలకు మాత్రమే. సోవియట్ యూనియన్‌లోని క్రాస్నోగోర్స్క్‌లో తయారైన జెనిటార్ ఈ కోవకు చెందినది.

ఈ కటకాల ముందరి గాజు వెలుపల ఉబ్బుగా, లోపల లోతైన గుంటగా ఉంటుంది. బాగా ఏటవాలుగా వచ్చే కిరణాలను అక్షం దిశకు మళ్ళించడం దాని పని. ఆ ఉబ్బు వల్ల ముందు ఫిల్టరు బిగించే వీలుండదు. చాలా వాటిలో ఫిల్టర్లను లోపలనో వెనుకనో అమర్చారు. ఫోకస్‌ను చేతితో తిప్పుకోవలసి రావడం ఇక్కడ పెద్ద కష్టమేమీ కాదు. 16 మి.మీ. కటకాన్ని ఎఫ్/8 వద్ద ఉంచి, దూరాన్ని సుమారు ఒక మీటరుకు తిప్పి వదిలేస్తే, అర మీటరు నుండి దిగంతం వరకు అన్నీ స్ఫుటంగా వస్తాయి. 1962 నాటి నిక్కార్‌కు ఫోకస్ తిప్పే వలయమే లేదు. ఛాయాగ్రాహకుడు జాగ్రత్తపడవలసింది తన పాదాల విషయంలోనే. అవి కూడా చిత్రంలో పడతాయి.

ముఖాలను గుమ్మడికాయలుగా చూపి నవ్వించడానికి దీనిని వాడినవారు కొల్లలు. అది దీని ప్రతిభలో చాలా చిన్న భాగమని నా అభిప్రాయం. అడవిలో నేలమీద కెమెరాను ఆకాశానికి ఎక్కుపెట్టి తీసిన చిత్రాన్ని చూడండి. చుట్టూ చెట్ల మొదళ్ళు, నడుమ కొమ్మలు, ఆకుల సందులలో తెల్లని ఆకాశపు ముక్కలు కనిపిస్తాయి. 1959లో ఎవాన్స్, కూంబ్ అనే వృక్షశాస్త్రజ్ఞులు ఇటువంటి చిత్రాల ఆధారంగా అడవి అడుగున మొక్కలకు లభించే వెలుతురును అధ్యయనం చేశారు. నేడు ఫిల్ముకు బదులు డిజిటల్ కెమెరాలతో అదే పని సాగుతున్నది. చిత్రం మీద సూర్యుని మార్గాన్ని గీస్తే, ఏ సందులో నుండి ఏ వేళకు ఎండ దిగుతుందో తెలుస్తుంది. దానికి కావలసిన పరికరం స్కేలు ఒక్కటే. 8 మి.మీ. కటకంతో తీసిన ఫిల్ము మీద కేంద్రం నుండి సుమారు 4.2 మి.మీ. దూరంలో ఉన్న సందు నడినెత్తి నుండి 30 డిగ్రీల వాలులో ఉన్నట్లు, 8.4 మి.మీ. దూరంలో ఉంటే 60 డిగ్రీలు.