మూలబడిన గిటారు పెట్టెలోని స్పీకరు

"ఇంట నొక పాత గిటారు ఆంప్లిఫయరు మూలబడి యున్నది. స్విచ్చి వేసినను పలుకదు. లోపలి స్పీకరు మాత్రము చెడలేదని మెకానిక్కు చెప్పినాడు. దానిని మరియొక ఆంప్లిఫయరుకు తగిలింపవచ్చునా?" వాద్యబృందములు నడపు యువకులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఇది.

తగిలింపవచ్చును. కాని తీరు తెలియక తగిలించినచో చెడినది బాగుపడకపోగా, బాగున్నది చెడును.

ఆబిడ్సులోని వాద్యముల దుకాణములలో గిటారుల సరసన కనబడు నల్లని పెట్టెలను కాంబోలు అందురు. ధ్వనిని పెంచు యంత్రము, దానిని వినిపించు స్పీకరు ఒకే పెట్టెలో ఇమిడి యుండుటచే ఆ పేరు వచ్చినది. మన పాత వాల్వు రేడియో కూడ ఒక విధమున కాంబోయే. ఈ పోలిక ఊరక చెప్పినది కాదు. గిటారు ఆంప్లిఫయరులకు ప్రపంచప్రసిద్ధి తెచ్చిన లియో ఫెండరు, 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము తెరచినవాడే.

పెట్టె వెనుకకు త్రిప్పి చూచిన, స్పీకరు నుండి లోపలి యంత్రమునకు పోవు రెండు తీగలు కనబడును. కొన్నిటిలో అవి ప్లగ్గుతో ఊడివచ్చును. ముందుగా వాటిని విడదీయవలెను. పాత యంత్రమును స్పీకరుకు అంటియుంచి, పైనుండి రెండవ ఆంప్లిఫయరును కలుపరాదు; ఒకదాని శక్తి మరియొకదానిలోనికి పోయి రెండును చెడును. క్రొత్త ఆంప్లిఫయరు స్పీకరు తీగలను కాంబో ముందువైపు గిటారు పెట్టు రంధ్రమున దూర్చుట అంతకంటె తప్పు. ఆ రంధ్రము గిటారు నుండి వచ్చు అత్యల్ప విద్యుత్తుకై ఏర్పడినది.

కొన్నేండ్ల క్రిందట నాంపల్లిలోని ఒక పెండ్లిమంటపమున మేము చూచినది చెప్పెదము. ఆర్కెస్ట్రా వారి కాంబో పాట మొదలు కాకమునుపే మూగబోయినది. టెంటు హౌసు వారి మైకుసెట్టు ఆంప్లిఫయరు ప్రక్కనే యున్నది. దాని వెనుక 4, 8, 16 అని మూడు కొనలు, చివర 100 అని మరియొక కొన ఉన్నవి. అంకె పెద్దదైనచో ధ్వనియు పెద్దదగునని తలచి, ఒక కుఱ్ఱవాడు కాంబో స్పీకరును 100 వద్ద బిగించినాడు. అర నిమిషము పాట వినబడినది. పిదప కాలిన వాసన వచ్చినది. స్పీకరు బ్రతికినది గాని ఆంప్లిఫయరు పోయినది. బరాత్ వచ్చు వేళకు మర్ఫా వారే దిక్కయినారు.

అక్కడి 4, 8, 16 ఓములు. 100 మాత్రము ఓములు కాదు, వోల్టులు. దూరదూరముగ కట్టిన అనేక హారన్లకు ఒకే తీగపై ధ్వని పంపుటకై ఆ కొన ఏర్పడినది; అట్టి ప్రతి హారనుకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండును. 8 ఓముల స్పీకరును నేరుగా అచ్చట తగిలించుట అనగా పూర్తి ధ్వనివద్ద పన్నెండున్నర ఆంపియర్లు అడుగుట. నూరు వాట్ల ఆంప్లిఫయరు ఆ కొన నుండి ఈయగలిగినది ఒక్క ఆంపియరు!

కావున స్పీకరు వెనుక ముద్రించిన ఓముల అంకెను మొదట చూడవలెను. చెరిగిపోయినచో మీటరుతో కొలువవచ్చును. 8 ఓముల స్పీకరు సాధారణముగా 6, 7 ఓములు చూపును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుకు దానిపై వ్రాసిన కనీసపు అంకెకు తగ్గిన స్పీకరు పనికిరాదు. ఎక్కువైనచో ధ్వని కొంత తగ్గును, అంతే. వాల్వు ఆంప్లిఫయరుకు అంకెలు సరిపోవలెను. స్పీకరు లేకుండ దానిని పలికించితిమా, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. వాట్ల విషయమున స్పీకరుదే పైచేయి కావలెను. ముప్పది వాట్ల స్పీకరు నూరు వాట్ల ఆంప్లిఫయరుకు ఎంతోసేపు ఓర్వదు.

తీగ సంగతి చాలమంది మరతురు. గిటారు తీగకును స్పీకరు తీగకును ప్లగ్గు ఒక్కటే కావచ్చును గాని లోపలి రాగి వేరు. గిటారు తీగ సన్నము, ఇచ్చట వాడరాదు. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి దళమైన జంట తీగ కొనుట మేలు. ఇక వాల్వు పెట్టెను విప్పుట మెకానిక్కుకే వదలవలెను. ప్లగ్గు తీసిన పిదప కూడ లోపలి కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి యుండగలవు.

ఇట్టి పెట్టెలో రేడియో వినవచ్చునా అనియు అడుగుదురు. గిటారు స్పీకరు గిటారుకై పుట్టినది. ఆ వాద్యపు మందరపు తీగ సెకనుకు దాదాపు 82 కంపనములు చేయును; అచ్చటినుండి సుమారు 5000 వరకు ఈ స్పీకరు చక్కగా పలుకును. ఆపైన బలము వేగముగా తగ్గును. తాళపు చివరి మెరుపు, తంబురా నాదములోని సన్నని జీర ఇందులో వినబడవు. మా యింటి పెట్టెలో మేము వార్తలు వినుచున్నాము. కచేరీ వచ్చు వేళకు మాత్రము ముందుగదిలోని పాత రేడియో వద్దకే పోవుచున్నాము.