మీకు తెలుసా? కోటలో ఉండే పిశాచి దొర

ఐరోపా పల్లె కథల్లో రక్తపిశాచి అంటే ఉబ్బిపోయిన శవం. దానికి దొరతనం, అందం తెచ్చినవాడు కవి బైరన్‌కు వైద్యుడిగా పనిచేసిన జాన్ పాలిడోరి. 1819లో అచ్చయిన అతని కథలోని లార్డ్ రూథ్‌వెన్‌కు బైరనే నమూనా! 1897 నాటి బ్రామ్ స్టోకర్ నవలలో కౌంట్ డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. ఎండ తగిలి చావడం 1922 నాటి మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’తో వచ్చింది.

మన తెరమీద ఈ దొరకు దగ్గరి చుట్టం 2009లో కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’లోని పశుపతి. గద్వాల సంస్థానపు అల్లుడు, సమాధిలోంచి లేచినవాడు. అతనికి కావలసింది రక్తం కాదు, అరుంధతి. సోనూ సూద్ రూపం, రవిశంకర్ గొంతు కలిసి ఆ పాత్రకు ప్రాణం పోశాయి. సినిమాలోని బంగ్లా బనగానపల్లె నవాబులది.